ముక్కు అబద్ధమాడిన ఏడాది

కాలు విరిగితే వీధి వీధంతా పరామర్శకు వస్తుంది. బత్తాయిలు తెస్తారు, కట్టు మీద చెయ్యేసి అయ్యో అంటారు. ముక్కు చెడితే ఎవరూ రారు. అది ఉన్నచోటే ఉంటుంది, ఎప్పటి సైజులోనే ఉంటుంది. నాది మామూలుగానే కొంచెం పెద్దది కాబట్టి, ఇంత ముక్కు పెట్టుకుని వాసన రావట్లేదంటావేంట్రా అని నవ్వినవాళ్లే ఎక్కువ. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. ఆ నవ్వే నన్ను సగం ముంచింది. ఇప్పుడు కాస్త తేరుకున్నాను. నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు, వాళ్ల ఇళ్లలో నా ఇంట్లో జరిగింది జరగకూడదని రాస్తున్నాను.

నేను పెడనలో కలంకారీ అచ్చులు వేస్తాను. పుట్టింది బందరు పక్కన గిలకలదిండిలో, వేటకి వెళ్లేవాళ్ల ఇంట్లో. పడవెక్కితే చాలు, తిన్నదంతా సముద్రానికి సమర్పించుకునేవాణ్ణి. వీడొస్తున్నాడంటే చేపలు నోరు తెరుచుకుని ఎదురుచూస్తాయని మా నాన్న అనేవాడు. చదువూ అంతే. నేను బడి మానలేదు, ఏడో తరగతిలో అదే నన్ను మానేసింది. చివరికి పెడనలో ఒక మేస్త్రి గారు అచ్చు చేతికిచ్చారు. కదలని బల్ల ముందు నిలబడి చేసే పని. నాకు సరిపోయింది.

నా భార్య నాంచారు ఎండు చేపలు అమ్ముతుంది. గిలకలదిండిలో సరుకు కొని, గంపకెత్తి, రైల్లో గుడివాడ వెళ్లి వీధులు తిరుగుతుంది. వాళ్లది దివిసీమ, నాగాయలంక. వాళ్లమ్మదీ ఇదే పని. మాకు ఒక్కతే కూతురు, లావణ్య, ఇంటరు చదువుతోంది.

మే నెల. కరోనా రెండోసారి ఊళ్ల మీద పడిన వేసవి. ఇంట్లో ముగ్గురికీ జ్వరాలు. వాళ్లిద్దరూ వారంలో లేచారు, నేను పన్నెండు రోజులు మంచం దిగలేదు. ఆ రోజుల భయం సంగతి రాయను. ఆ వేసవిలో ప్రతి ఇంట్లోనూ అదే ఉంది. ఆస్పత్రి దాకా పోకుండా బయటపడ్డాను, అంతే చాలు.

లేచి కూర్చున్న రోజు నాంచారు నాకిష్టమని సావడాయిల పులుసు పెట్టింది. సావడాయి అంటే రిబ్బను లాగా పొడుగ్గా ఉండే చేప. ఎండబెట్టినదాన్ని వండితే ఆ వాసన వీధి చివరిదాకా వెళ్లి మనుషుల్ని పిలుచుకొస్తుంది. కంచం ముందు కూర్చుని ముద్ద పెట్టుకున్నాను. ఉప్పు తెలిసింది, పులుపు తెలిసింది, కారానికి కళ్లలో నీళ్లొచ్చాయి. చేప మాత్రం లేదు. దూది నములుతున్నట్టుంది.

"వాసన రావట్లేదే" అన్నాను.

లావణ్య వెల్లుల్లి నలిపి ముక్కు కింద పెట్టింది. తర్వాత కాఫీపొడి, తర్వాత అగరుబత్తి, తర్వాత వాళ్లమ్మ తలనొప్పి మందు. నేను విగ్రహంలా కూర్చుంటే ఒక్కొక్కటీ చూపించి తీసుకెళ్లారు. ఏదీ రాలేదు. వాళ్ల మొహాలు వాడిపోతుంటే చూడలేక అన్నాను ఆ మాట.

"పోన్లేవే నాంచారూ. ఇన్నేళ్లకి దేవుడు నా మొర విన్నాడు. ఇక నీ గంప ఇంట్లో ఎక్కడ పెట్టుకున్నా నాకేం ఇబ్బంది లేదు."

నాంచారు నవ్వింది. లావణ్య కంటే ముందు నవ్వింది. అది నవ్వే అనుకున్నాను.

వాసన లేకపోవడం నవ్వులాట కాదని వారం తిరక్కుండానే తెలిసింది. వాళ్లిద్దరూ పెరట్లో ఉన్నారు. నేను టీ పెట్టుకుందామని వంటింట్లోకి వెళ్లి అగ్గిపుల్ల తీశాను. వెనక నుంచి నాంచారు వచ్చి నా చెయ్యి పట్టుకున్న పట్టుకి గాజు పగిలింది. పొయ్యి మీట ఎప్పటి నుంచో తిరిగే ఉందట, గదంతా గ్యాసేనట. నా ముక్కుకి మాత్రం గదిలో ఏమీ లేదు. కిటికీలు తీసి, నన్ను వీధి అరుగు మీద కూర్చోబెట్టి, తను కూడా పక్కన కూర్చుని చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. ఇంట్లో ఎవరికైనా వాసన పోతే ముందు పొయ్యి వాళ్ల చేతికివ్వకండి. ఇదొక్కటీ గుర్తు పెట్టుకున్నా నేను రాసినందుకు ఫలితం ఉంటుంది.

జూన్‌లో పనికెళ్లాను. మా దగ్గర నల్ల రంగుని ముక్కుతో చూస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి వారాల తరబడి పులియనిస్తే రంగు దిగుతుంది. మొదట కల్లు వాసన, తర్వాత తుప్పు వాసన, ఆ రెండూ కలిసి ముక్కు లోపల గీరినట్టు ఒక ఘాటు. అప్పుడు తియ్యాలి. ఆ ఘాటు పట్టే పని నాది. మేస్త్రి గారు మూత తీసి "చూడరా" అన్నారు. నేను కళ్లు మూసుకుని, గట్టిగా పీల్చి, సంగీతం తెలిసినవాడిలా తల ఊపి "దిగిందండీ" అన్నాను.

దిగలేదు. గుడ్డ మీద నల్లగా రావాల్సిన నెమళ్లన్నీ పది రోజులు తిండి లేనట్టు బూడిద రంగులో వచ్చాయి. మేస్త్రి గారు గుడ్డ మడిచి పక్కన పెట్టారు. ఒక్క మాటే అన్నారు. "రావట్లేదని చెప్పొచ్చుగా, నేను చూసేవాణ్ణి." ఆ రోజు నుంచి కుండ దగ్గరికి ఆయనే వెళ్లేవారు. ఎందుకని మిగతావాళ్లు అడిగితే, నాకు అచ్చుల పని ఎక్కువైందని చెప్పేవారు. ఆయన అంత మర్యాదగా చెప్పినా ఆ పాఠం నాకు ఎక్కలేదు. ఎక్కి ఉంటే ఆగస్టులో నోరు తెరిచేవాణ్ణి.

ఆగస్టులో ఒక పొద్దున కాఫీ గ్లాసు నోటి దగ్గరికి తెచ్చుకుంటే ముక్కుకి ఏదో తగిలింది. మూడు నెలల తర్వాత మొదటి వాసన. లావణ్యని పిలవబోయి ఆగాను. వెంట్రుకలు కాల్చి, దాని మీద కుళ్లిన గుడ్డు కొట్టి, మురిక్కాలవలో ముంచినట్టుంది. గ్లాసు సరిగా కడగలేదనుకున్నాను. మర్నాడు ఉల్లిపాయలు వేగుతుంటే అదే. పళ్లు తోముకుంటే పేస్టులోనూ అదే. ఉన్న వాసనలన్నీ ఊరొదిలి పోయి, ఒక్క కంపే అందరి పేర్లూ పెట్టుకుని తిరుగుతున్నట్టుంది. పక్కింటావిడ చెప్పిందని కాల్చిన బత్తాయిలో బెల్లం వేసుకుని తిన్నాను. బత్తాయి పాడైంది, బెల్లం పాడైంది, నేను మాత్రం బాగుపడలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం నాంచారు గుడివాడ నుంచి వచ్చి, స్నానం చేసి, జాజిపూలు పెట్టుకుని నా పక్కన కూర్చుంది. రోజూ కూర్చునేదే. ఒళ్లంతా వెనక్కి గుంజినట్టయింది. అదే కంపు. చెయ్యి దానంతట అదే భుజం మీద తువ్వాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. తెలివొచ్చి తీసేసి, దగ్గినట్టు నటించాను.

ఆమె చూసింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెళ్లిచూపులప్పుడు నాంచారు నన్ను అడిగింది ఒకే ప్రశ్న. "ఎండు చేపల వాసన పడుద్దా మీకు?" నేను పుట్టిందే ఆ వాసనలో అన్నాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో తర్వాత తెలిసింది. ఐదో తరగతిలో పక్కన కూర్చునే పిల్లలు ముక్కు మూసుకునేవారట. పంతులమ్మ ఆమెను కిటికీ పక్కకి మార్చింది. ఆ తర్వాత తలుపు పక్కకి. ఆ తర్వాత ఆమే తలుపు దాటి వచ్చేసింది. రైల్లో ఇప్పటికీ ఆమె గంపతో ఎక్కితే కొంగులు ముక్కుల మీదకి వెళ్తాయి. వాటిని లెక్కచేయదు. "ముక్కు మూసుకుని, రేపు నా దగ్గరే కొంటారు" అని నవ్వుతుంది. లెక్కచేయకుండా ఉండగలిగింది ఇంటికొస్తే ఒక మనిషి ముక్కు మూసుకోడు గనక. నాకది అప్పుడు తోచలేదు.

మరి ఎందుకు చెప్పలేదంటారా. చేసుకున్న భార్యతో నువ్వు కంపు కొడుతున్నావని ఏ నోటితో చెప్పను? నాలుగు రోజుల్లో అదే పోతుందనుకున్నాను. మాటలు అమ్ముకునేంత వాగుడుకాయనే గానీ, నిజం చెప్పాల్సిన చోట నాలుక మడత పడుతుంది.

 మర్నాటి నుంచి నాంచారు గంప ఇంట్లోకి తేలేదు, పెరటి గోడకి వేలాడదీసింది. పెరటి దారిన వచ్చి, నీళ్లు పోసుకుని గానీ లోపలికి రాలేదు. గంధం సబ్బు కొనుక్కుంది. షాంపూ ప్యాకెట్లు దండలా తెచ్చి వేలాడదీసింది. మెడకి పౌడరు, జడకి రెట్టింపు పూలు. అవన్నీ నా ముక్కులో ఒకదాన్ని మించి ఒకటి కుళ్లేవి. ఆమె తోముకున్నకొద్దీ నేను దూరం జరిగాను. నేను జరిగినకొద్దీ ఆమె తోముకుంది. సెప్టెంబరు అంతా ఇలాగే. ఉక్కగా ఉందని చెప్పి నేను పడక అరుగు మీదకి మార్చుకున్నాను.

అక్టోబరు చివర్లో ఒక రోజు అన్నం పెడుతూ మామూలు గొంతుతో అంది.

"గుడ్లవల్లేరులో పిల్లల హాస్టల్లో వంటమనిషి కావాలంటన్నారు. వెళ్దామనుకుంటున్నా."

"మరి గంప?"

"ఇంకెన్నాళ్లయ్యా మొయ్యడం. చాల్లే."

గుడివాడలో ఆమె కోసం గుమ్మాల్లో కనిపెట్టుకునే ఇళ్లున్నాయి. ఏ ఇంట్లో ముసలాయనకి నెత్తళ్లు ఇష్టమో, ఏ కోడలికి రొయ్యపొట్టు పడదో ఆమెకి తెలుసు. అవన్నీ చాల్లే అనేసింది. నేనన్న మాట వినండి. "హాస్టల్ పిల్లలు ఏం పాపం చేశారే?" అన్నాను. ఆమె నవ్వలేదు. మర్నాడు సంచి సర్దుకుని, పది రోజులు అమ్మ దగ్గర ఉండొస్తానని నాగాయలంక వెళ్లింది.

పదో రోజు రాలేదు. పన్నెండో రోజు లావణ్య నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నాన్నా, అమ్మ దగ్గర ముక్కెందుకు మూసుకుంటున్నావు?"

"ఎవరు, నేనా?"

"జోకులొద్దు. రైల్లో వాళ్లు మూసుకున్నట్టే మూసుకుంటున్నావు. అమ్మకి నువ్వు మేలో అన్నది బాగా తగిలింది. దేవుడు మొర విన్నాడన్నావుగా. ఇన్నేళ్లూ మీ నాన్న ఓర్చుకున్నాడంట, నాకు తెలీలేదు అని నాతో అంది."

 ఆ రోజు నాంచారు అందరికంటే ముందు నవ్వింది ఎందుకో అర్థమైంది. ఎదుటివాళ్లు నవ్వేలోపు తనే నవ్వేయడం ఆమె చిన్నప్పుడు బళ్లో నేర్చుకుంది.

పిల్లతో అంతా చెప్పాను. కాఫీ, ఉల్లిపాయ, పేస్టు, సబ్బు, పువ్వు, అన్నీ ఒకటే కంపని చెప్పాను. అది కాసేపు నన్ను చూసి "పిచ్చి నాన్నా" అని, బందరులో చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఎవరో కనుక్కుంది.

నవంబరులో వెళ్లాం. డాక్టరు గారి గది బయట హాల్లో ఫినాయిలు వేసి తుడిచారు. రెండు నిమిషాలు కూడా కూర్చోలేక మెట్ల మీదకొచ్చాను. నర్సమ్మ వచ్చి చూసి, ఏమీ అడక్కుండా కుర్చీ తెచ్చి వరండాలో వేసింది. "మీ వంతు వచ్చినప్పుడు నేనొచ్చి పిలుస్తాను, మీరిక్కడే ఉండండి" అంది. నా పక్కన ఒక నాయనమ్మ, ఒళ్లో మనవరాలు. పిల్ల ముక్కులో చింతగింజ ఇరుక్కుంది.

"ఎందుకు పెట్టుకున్నావమ్మా?" అన్నాను.

"పట్టుద్దో లేదో అని" అంది పిల్ల.

"పట్టిందిగా, ఇంకేం" అన్నాను. నాయనమ్మ నన్ను చూసిన చూపుకి నేను సముద్రం వైపు తిరిగి కూర్చున్నాను. సముద్రం అక్కడికి కనపడదు. అయినా తిరిగాను.

డాక్టరు గారు నడివయసావిడ. ముక్కులోకి దీపం వేసి చూశారు, చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు.

"వాసనంటే ఏంటనుకుంటున్నారు మీరు?"

"గాలండీ."

"గాల్లో వచ్చే వస్తువు. పువ్వు నుంచి, చేప నుంచి, కాఫీ నుంచి కంటికి కనపడనంత చిన్న అణువులు ఊడి గాల్లో తేలతాయి. మీరు పీల్చినప్పుడు అవి లోపలికెళ్లి, పైన కళ్ల మధ్యన తడిగా ఉండే కొంచెం చోట అంటుకుంటాయి."

"అంటే చేప వాసన వచ్చిందంటే చేపలో కాస్త నా ముక్కులోకి వచ్చినట్టేనా అండీ?"

"అంతే."

"మరి మురిక్కాలవ పక్కన నిలబడితే..."

"అది ఆలోచించకండి" అన్నారావిడ. "ఆ తడిలో వందల రకాల నరాల తీగల కొసలుంటాయి. ఒక్కో రకం కొన్ని అణువులనే పడుతుంది. జాజిపువ్వంటే ఒకే అణువు కాదు, చాలా ఉంటాయి కలిసి. కాబట్టి చాలా తీగలు ఒకేసారి కదుల్తాయి. ఏవేవి కదిలాయో చూసుకుని మెదడు ఇది జాజి అంటుంది."

అది నాకు బల్ల మీద గుడ్డ పరిచినంత తేలిగ్గా తెలిసింది. "మా అచ్చులండీ" అన్నాను. "ఒక నెమలికి ఆరేడు అచ్చులు వేస్తాం. గీతలకొకటి, ఎరుపుకొకటి, కంటికొకటి. అన్నీ పడితేనే నెమలి. రెండే పడితే అది ఏ జంతువో మాకే తెలీదు."

ఆవిడ పెన్ను కింద పెట్టారు. "అదే జరిగింది మీకు. జబ్బు వల్ల అచ్చులన్నీ పోయాయి. ఇప్పుడు కొన్ని మొలిచాయి, కొన్ని ఇంకా లేవు. వచ్చిన సగం బొమ్మ మెదడుకి అర్థం కావట్లేదు. తెలియనిది విషమేమోనని భయపడి కంపు అని చెప్తోంది. చీమ మీసాలతో వాసన పడుతుంది, చేప నీళ్లలోనే పడుతుంది. ప్రాణమున్నవన్నీ ఏది తినొచ్చో, దేనికి దూరంగా పోవాలో ముందు వాసనతోనే తెలుసుకుంటాయి. మీ ముక్కు మిమ్మల్ని కాపాడాలనే చూస్తోంది పాపం."

నా ముక్కుని పాపం అన్న మొదటి మనిషి ఆవిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫినాయిలు వల్లనన్నాను.

తప్పుగా రావడం కూడా మంచి గుర్తేనని, తీగలు మళ్లీ మొలుస్తున్నాయని, ఎన్నాళ్లు పడుతుందో మాత్రం చెప్పలేనని అన్నారు. నిమ్మ, లవంగం, గులాబీ, నీలగిరి నూనెలు నాలుగు సీసాల్లో పెట్టుకుని రోజూ రెండు పూటలా పీల్చమన్నారు. పీలుస్తూ అసలు వాసన ఎలా ఉండేదో జ్ఞాపకం చేసుకోమన్నారు.

"సరిగ్గా వచ్చే వాసన ఒక్కటైనా ఉందా ఇప్పుడు?"

ఆలోచించాను. తెలియదన్నాను.

"ఇంటికెళ్లి వెతకండి. ఇంతకీ ఇంట్లో చెప్పారా?"

లావణ్య నా వైపు చూసింది. డాక్టరు గారు అర్థం చేసుకున్నారు. "మందు కంటే ముందు ఆ పని చెయ్యండి."

ఇంటికొచ్చి వెతికాను. పప్పుల డబ్బాలు, నూనె, అద్దకం గుడ్డ, చెప్పులు. కనపడినవన్నీ పీల్చుకుంటూ పెరట్లోకి వెళ్లాను. గోడకి నాంచారు గంప వేలాడుతోంది. కిందికి దించి అందులో మొహం పెట్టాను.

ఉప్పు. ఎండకి కాగిన తాటాకు. దాని వెనక సావడాయి, నెత్తళ్లు, రొయ్యపొట్టు, ఏది ఏదో విడివిడిగా. ఆరు నెలల తర్వాత ఒక వస్తువు తన వాసన తనే వేస్తోంది. అన్ని అచ్చులూ పడ్డాయి. లావణ్య వచ్చేసరికి నేను గంప తలకి తొడుక్కుని నేల మీద కూర్చుని ఉన్నానట. "నాన్నా, బానే ఉన్నావా?" అంది. తల బయటికి తియ్యలేదు. ఏడుస్తున్న మొహం పిల్లకి చూపించడం ఇష్టం లేక.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి నాగాయలంక వెళ్లాను. అత్తగారింటి ముందు చాప పరిచి, నాంచారు, వాళ్లమ్మ నెత్తళ్లు ఏరుతున్నారు. నాంచారు నన్ను చూసి, కూర్చోమనకుండా, చేతులు కడుక్కోవడానికి లేచింది.

"కడుక్కోకు" అన్నాను. "నువ్వు కంపు కొట్టట్లేదు. సబ్బు కొడుతోంది."

"ఏంటయ్యా?"

కాఫీ దగ్గర్నుంచి చెప్పుకొచ్చాను. అచ్చులు, నెమలి, డాక్టరు గారి మాట, గంప. ఆమె తల వంచుకుని వింది. చివర్లో అంది. "నువ్వు చచ్చినా జోకులే వేస్తావయ్యా. బతిమాలి తీసుకెళ్దామని వచ్చావు, బానే ఉంది. దానికింత కథెందుకు?"

అబద్ధాలాడితే నమ్మేవాళ్లు నా చుట్టూ ఎప్పుడూ ఉన్నారు. నిజం చెప్పిన రోజు ఒక్కరూ లేరు.

అత్తగారు చేప కింద పెట్టి అంది. "నమ్మకపోతే చూద్దాం. సరుకు కొనేటప్పుడు చూడమా ఏంటి? అల్లుడూ, కళ్లు మూసుకో." తన తువ్వాలు తీసి నా కళ్లకి బిగించి కట్టింది. ముక్కు కింద ఏవేవో పెట్టడం మొదలెట్టింది. నెత్తళ్లన్నాను. కాఫీపొడి పెడితే మురిక్కాలవన్నాను. రొయ్యపొట్టన్నాను. కొబ్బరినూనె పెడితే కుళ్లిన గుడ్డన్నాను. అత్తగారికి సరదా ఎక్కింది. ఆమె ఎన్ని పెట్టినా చేపలన్నీ చేపలే, మిగతావన్నీ మురికే.

కాసేపు ఏమీ రాలేదు. తర్వాత చల్లగా తడిగా ఒక చెయ్యి వచ్చి ముక్కు ముందు ఆగింది. తల వెనక్కి పోయింది. "ఛీ. టైరు కాల్చినట్టుంది" అన్నాను.

 ఆ చెయ్యి పోయి ఇంకో చెయ్యి వచ్చింది, పొడిగా, గరుగ్గా. పట్టుకున్నాను. వదల్లేదు.

"ఇది నాంచారుది" అన్నాను.

"మరి ముందొచ్చింది ఎవరిదంటావు?" అంది అత్తగారు.

తువ్వాలు కిందికి లాగి చూశాను. నాంచారు రెండు చేతులూ ముందుకు చాపి నిలబడి ఉంది. ఒకటి సబ్బుతో కడిగింది, ఒకటి కడగనిది. "మూడు నెలలు" అంది. "మూడు నెలలు రోజుకి రెండుసార్లు తోముకున్నాను కదయ్యా." నవ్వుతోందో ఏడుస్తోందో తేల్చుకోలేకపోయాను. తనకీ తెలిసినట్టు లేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అవలేదు. బస్టాండు దాకా నాతో నడిచొచ్చి, బస్సు కదిలేముందు కిటికీ దగ్గర నిలబడి అడిగింది.

"ఇప్పుడు నీ ముక్కు చెడింది గనక నా వాసన బాగుంది. రేపు బాగయ్యాక? అప్పుడు పూలు పూలవుతాయి, సబ్బు సబ్బవుద్ది. మరి నేను?"

"ముందు బాగానే ఉండేదిగా."

"అది నువ్వు చెప్తేగా నాకు తెలిసేది. నువ్వు ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవాడివి. మేలో అన్నది నవ్వుతూనే అన్నావు."

 బస్సు కదిలిపోయింది.

వారంలో వచ్చేసింది. హాస్టల్ వాళ్లకి ఏప్రిల్ నుంచి వస్తానని చెప్పిందట. "అప్పటిదాకా చూద్దాం" అంది. దేన్ని చూస్తుందో నాకు తెలుసు. గంప ఇంట్లోకి తెచ్చింది, పూలు మానేసింది, ఇంట్లో ఉల్లిపాయ వేయించలేదు. నాలుగు సీసాల బాధ్యత తనే తీసుకుంది. పొద్దున, సాయంత్రం ఎదురుగా కూర్చుని ఒక్కో మూత తీసేది.

"గులాబీ ఎలా ఉండేదో చెప్పు."

"మన పెళ్లప్పుడు మీ అన్నయ్య పన్నీరు బుడ్డి నా మీదే వొంపాడు చూడు, అలా."

"ఇప్పుడెలా ఉంది?"

"ఆ పన్నీరులో మీ అన్నయ్య పడి చచ్చినట్టు."

డిసెంబరంతా అంతే. జనవరిలో నిమ్మ కాస్త తేటపడింది. ఫిబ్రవరిలో లవంగం లవంగమైంది. ఒక్కో సీసా బాగుపడుతుంటే లావణ్య చప్పట్లు కొట్టేది. నాంచారు మూత బిగించి లేచి వెళ్లిపోయేది. బాగుపడుతున్నానని భయపడే భార్యని నేనొక్కణ్ణే చూసి ఉంటాను. రోజూ నన్ను కూర్చోబెట్టి నయం చేసిందీ ఆమే. 

మార్చి నెలాఖరులో ఒక పొద్దున గులాబీ సీసా తీసింది. పీల్చాను. మళ్లీ పీల్చాను. గులాబీ. కొంచెం దూరంగా, తలుపవతల ఎవరో పట్టుకు నిలబడ్డట్టు, కానీ గులాబీయే. మొహం చూసి ఆమె కనిపెట్టేసింది. సీసాలు నాలుగూ మూతలు పెట్టి వరసగా సర్దింది. తర్వాత గది మూలకి వెళ్లి గంపలోంచి గుప్పెడు నెత్తళ్లు తెచ్చింది. ఈసారి కళ్లకి గంతలు లేవు. గుప్పిట తెరిచి నా ముక్కు కింద పెట్టి, చేప వైపు కాదు, నా కళ్లలోకి చూస్తోంది.

నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. పీల్చాను.

"ఏంటి?" అంది.

"చెప్పమంటావా?"

"జోకొద్దు."

"జోకు కాదు. సరుకు బాలేదు."

గుప్పిట మూసుకుంది. వెనక్కి తీసుకోబోతే పట్టుకున్నాను. "విను. ఉప్పు సరిపోయింది. చేప మంచిదే. కానీ ఎండ ఒక్క పూటే పడింది, లోపల చెమ్మ ఉంది. రెండు రోజులు గంపలో ఉంటే బూజు పట్టుద్ది. ఎక్కడ కొన్నావు?"

నాంచారు చేప విరిచి చూసింది. గోటితో నొక్కింది. తనూ ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ నన్ను చూసింది. ఆ చూపులో ఇన్నాళ్ల భయం ఒక్కొక్క మడతే విప్పుకోవడం కనపడింది. అంతలోనే మొహం ఎర్రబడింది.

"గిలకలదిండిలో రాఘవులు మావయ్య దగ్గర. నిన్ననే కొన్నా. రెండెండలు పడ్డాయని ఒట్టేశాడు."

"ఒక్కటే."

గంప ఎత్తుకుంది. జుట్టు ముడేసుకుంది. చెప్పులు వేసుకుంటూ ఫోను తీసి హాస్టల్ వాళ్లకి చేసింది. "అమ్మా, నేనండీ, నాంచారుని. ఏప్రిల్ అన్నాను కదా, కుదరదండీ. ఇంకెవర్నైనా చూసుకోండి. నాకు నా సరుకు చూసుకోవడానికే సరిపోద్ది."

ఫోను పెట్టేసి గుమ్మంలో ఆగి నా వైపు తిరిగింది.

"కూర్చున్నావేంటయ్యా? లే. గిలకలదిండి వెళ్దాం. ఆ మావయ్య ముందు ఇందాక చెప్పిందంతా చెప్పాలి నువ్వు, అక్షరం తప్పకుండా."